చుక్కలు ఒకరివి, రంగులు ఒకరివి

రంగులు దిద్దుకునే బొమ్మల పుస్తకాలు మొదట క్రేయాన్ల కోసం పుట్టలేదు. 1880 ప్రాంతంలో న్యూయార్క్‌లో మెక్‌లాఫ్లిన్ బ్రదర్స్ అచ్చువేసిన ‘లిటిల్ ఫోక్స్ పెయింటింగ్ బుక్’లో చిత్రకారిణి కేట్ గ్రీనవే బొమ్మలకు పిల్లలు కుంచెతో నీటిరంగులు పూయాలి. నీళ్లు ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది, రంగు గీత దాటి పారుతుంది. కాస్త చెయ్యి తిరిగిన పిల్లలకే ఆ ఆట. 1903లో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ ఎనిమిది మైనపు రంగుల ‘క్రేయోలా’ పెట్టెను ఐదు సెంట్లకు తెచ్చింది. తడి లేదు, ఒలకడం లేదు. మూడేళ్లవాడు పిడికిట పట్టి రుద్దినా రంగు అంటుతుంది. దాంతో బొమ్మలు గీసేవాళ్లకు కొత్త లెక్క వచ్చిపడింది: ఏ వయసు చేతికి ఎంత లావు గీత, ఎంత జాగా?

పోదనూరు తెలుగు వాకిళ్లలో ఈ లెక్క పుస్తకాలు చూసి నేర్చుకున్నది కాదు. కోయంబత్తూరు నగరంలోని ఈ రైలు జంక్షన్ పేటలో తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పొంగలి సెలవులకు వాకిలే పలక. ‘15 చుక్కలు, సందు చుక్క 8 దాకా’ అని అవ్వ అరుగు మీంచి చెబుతుంది. చుక్కలు పెట్టేది పెద్ద మనవరాలు. ఒక్క వరుస తప్పినా ముగ్గంతా చెడుతుంది మరి. గీతలు కలిపేది తల్లి. చిన్నవాడికి కుండ బొమ్మ లోపలి జాగా, గుప్పెడు పసుపు రంగు ఇస్తారు. ‘ఒరేయ్, గీత తొక్కొద్దురా’ అంటూనే ఉంటారు, వాడు తొక్కుతూనే ఉంటాడు. రంగు నిండాక తల్లి వేళ్ల సందున తెల్లపిండి జారవిడుస్తూ అంచులు మళ్లీ దిద్దేస్తుంది. వాడి తప్పు కనబడదు.

రంగులు దిద్దమని గీసిచ్చిన బొమ్మలు పిల్లల సొంత ఊహను మొద్దుబారుస్తాయని కళావిద్యా బోధకుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’లో దుయ్యబట్టాడు. సగం నిజమే. పదేళ్ల పిల్లకూ మూడేళ్లవాడికీ ఒకే ఏనుగు బొమ్మ ఇస్తే అంతే అవుతుంది. ముగ్గులో మాత్రం వయసు పెరిగేకొద్దీ పని మారుతుంది.

పండగ సెలవులకు పిల్లల రంగుల పుటలు గీసేవాళ్లు ఈ వరస పట్టుకోవచ్చు. మూడేళ్లకు పుట నిండా ఒక్కటే పొంగలి కుండ, వేలంత లావు గీత. ఆరేళ్లకు చెరకు గడలు, పసుపు కొమ్ములు, ఎద్దు. ఎద్దు కొమ్ముల్లో ఒకటి ఎర్రగా, ఒకటి ఆకుపచ్చగా వేస్తానంటే వేయనివ్వండి. మాట్టుపొంగలికి ఎడ్ల కొమ్ములకు రంగులు పూయడం ఉన్నదే. పదేళ్లు దాటినవాళ్లకు బొమ్మే వద్దు. చుక్కలు మాత్రం అచ్చువేసి ఇస్తే చాలు, కలిపేది వాళ్లు.