ఫ్రీజర్లలో నెత్తురు, నదుల్లో పాదరసం

బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో ఉండే యానోమామిలు, చనిపోయిన మనిషి ఆనవాలేదీ మిగలనివ్వరు. దేహాన్ని కాల్చేస్తారు, వాడిన వస్తువులు నాశనం చేస్తారు, పేరు కూడా పైకి పలకరు. అలాంటివాళ్ల నెత్తురు దశాబ్దాల పాటు అమెరికాలోని ఫ్రీజర్లలో ఉండిపోయింది. 1960ల చివర జన్యు శాస్త్రవేత్త జేమ్స్ నీల్ బృందం కత్తులు, కుండలు ఇచ్చి సేకరించిన నమూనాలవి. ఇచ్చినవాళ్లలో చాలామంది పోయారు, నెత్తురు మాత్రం పోలేదు. ఏళ్ల పోరాటం తర్వాత 2015లో 2,693 నమూనాలు తిరిగొస్తే వాళ్ల అడవిలోని తూతోతోబి ప్రాంతంలో పూడ్చిపెట్టారు.

ఆ ప్రాంతంలోనే 1967లో మిషనరీల ద్వారా తట్టు వ్యాపించింది. బాలుడు దావి కోపెనావా తల్లిని పోగొట్టుకున్నాడు. నెత్తురు వెనక్కి కావాలని తర్వాత పోరాడినవాళ్లలో ఆయనా ఒకరు.

బయటి రోగాలను తట్టుకునే శక్తి లేక యానోమామిలు పోయారని చెబుతుంటారు. అది సగం నిజమే. తట్టుకు టీకా 1963 నుంచే ఉంది. అయినా 1973లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం రక్షణ ఏర్పాట్లేవీ లేకుండా వాళ్ల అడవిలోకి రహదారి వేసింది. రెండేళ్లలో అజరాని నది ఒడ్డున నాలుగు ఊళ్లు ఐదో వంతుకు పైగా జనాన్ని పోగొట్టుకున్నాయి. ఇది విధి కాదు, ఎవరో సంతకం పెట్టిన నిర్ణయం.

1980ల చివర దాదాపు 40,000 మంది బంగారం కోసం చొరబడ్డారు. వెంట మలేరియా వచ్చింది. 1992లో 96,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను యానోమామిలదిగా బ్రెజిల్ ప్రభుత్వం గుర్తించింది. మరుసటి ఏడాదే హషిము ఊరివాళ్లు 16 మందిని బంగారు వేటగాళ్లు చంపారు. బ్రెజిల్ న్యాయస్థానం దాన్ని జాతి నిర్మూలనగా తేల్చింది.

గత దశాబ్దం చివర్లో తవ్వకాలు మళ్లీ చెలరేగాయి. తవ్విన గుంటల్లో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. జ్వరంతో మంచంపట్టిన తండ్రి వేటకు పోలేడు, తల్లి అరటి, కర్రపెండలం తోట చూసుకోలేదు. యంత్రాల హోరుకు జంతువులు పారిపోతాయి. ఇసుకలోని బంగారాన్ని పట్టడానికి పోసే పాదరసం నదిలో కలిసి, చేపల్లోకి, వాటిని తినే పిల్లల ఒంట్లోకి చేరుతుంది. అడవి నిండా తిండి ఉండే చోట పిల్లలు ఎముకల గూళ్లయ్యింది ఇలాగే. హోమోషిలోని ఆరోగ్య కేంద్రాన్ని ఆక్రమించి వేటగాళ్లు ఇంధనం నిల్వ చేసుకున్నారు, ఆ తర్వాత తగలబెట్టారు. మలేరియాకు మందుంది. దాన్ని ఇచ్చే మనిషికే అక్కడ చోటు లేకుండా పోయింది. 2023 జనవరిలో అధ్యక్షుడు లూలా ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాకే బలగాలు పెద్ద ఎత్తున వచ్చి తవ్వకాలను ఆపించడం మొదలుపెట్టాయి.