చెయ్యి వేసే హక్కు

టెక్సస్‌లో ఫిజికల్ థెరపిస్టు లైసెన్సు రెండేళ్ళకోసారి, పుట్టిన నెల ఆఖరి రోజుతో చెల్లిపోతుంది. ఈ లెక్క ఎవరు పెట్టారో తెలీదు గానీ, మర్చిపోయే వీల్లేకుండా పెట్టారు. ఒక పుట్టినరోజుకి కేకు, ఆ పై పుట్టినరోజుకి కేకుతోపాటు రెన్యువల్.

ఈసారి నేను రెన్యువల్ చేస్తుంటే మా క్లినిక్‌లో ఎయిడ్‌గా పనిచేసే అమ్మాయి పక్కన కూర్చుని చూస్తోంది. కాకినాడ వైపు పిల్ల. అక్కడ నాలుగున్నరేళ్ళు బీపీటీ చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, హెచ్4 ఈఏడీ మీద మా దగ్గర చేరింది. మంచాలు తుడుస్తుంది, హాట్ ప్యాకులు వేస్తుంది, తువ్వాళ్ళు మడతపెడుతుంది. నా తెరమీద జాబితా చదివింది. ముప్పై యూనిట్ల కోర్సులు. రాష్ట్ర చట్టం మీద ఒక పరీక్ష. మనుషుల అక్రమ రవాణా బాధితుల్ని గుర్తుపట్టడం మీద ఒక శిక్షణ. ఆపైన ఫీజు.

"పాసైపోయాక కూడా ఇదంతా ఉంటుందా అక్కా?"

ఉంటుందన్నాను.

"అసలు మోకాలు టెక్సస్‌లో ఒకలాగా, ఓక్లహోమాలో ఇంకోలాగా వంగుతుందా? రాష్ట్రానికో లైసెన్సెందుకు?"

వెటకారంగానే అడిగింది గానీ, ఒకప్పుడు నన్ను రెండేళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న అది. అప్పుడు దొరికిన జవాబుల్ని ఒకచోట పెట్టాలనిపించి ఇది రాస్తున్నాను.

మొదటి జవాబు 1880ల వెస్ట్ వర్జీనియాలో ఉంది. ఫ్రాంక్ డెంట్ అనే ఆయన అక్కడ ఆరేళ్ళుగా వైద్యం చేస్తున్నాడు. ఇంతలో రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. పేరున్న వైద్య కళాశాల పట్టా అయినా ఉండాలి, అప్పటికే ఆ రాష్ట్రంలో పదేళ్ళు ప్రాక్టీసు అయినా చేసి ఉండాలి, లేకపోతే బోర్డు పెట్టే పరీక్షయినా నెగ్గాలి. డెంట్ దగ్గర సిన్సినాటి కాలేజీ పట్టా ఒకటుంది. బోర్డు దాన్ని ఒప్పుకోలేదు. అయినా వైద్యం మానలేదని కేసు పెట్టి జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1889లో కోర్టు ఏకగ్రీవంగా రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. జనం ఆరోగ్యాన్నీ భద్రతనీ కాపాడే అధికారం రాష్ట్రానికి ఉంది, పెట్టిన షరతులు ఆ వృత్తికి సంబంధించినవై, చదివి కష్టపడితే అందుకోగలిగేవైతే తప్పుపట్టలేం అంది. అమెరికాలో డాక్టరు నుంచి నాబోటి వాళ్ళ వరకూ అందరి లైసెన్సుల కిందా ఆ తీర్పు ఉంది. మోకాలు అన్నిచోట్లా ఒకేలా వంగినా, దాని మీద చెయ్యి వేసే హక్కు మాత్రం రాష్ట్రం ఇవ్వాల్సిందే.

అయితే డెంట్ నాటికి ఫిజికల్ థెరపీ అనే వృత్తే ఇక్కడ లేదు. దాన్ని పుట్టించింది మొదటి ప్రపంచయుద్ధం. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక, కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని, నరాలు తెగి, కీళ్ళు బిగుసుకుపోయి తిరిగొచ్చే సైనికుల్ని మళ్ళీ నిలబెట్టేదెవరన్న ప్రశ్న వచ్చింది. సైన్యపు వైద్యశాఖ కొంతమంది స్త్రీలను తీసుకుంది. చాలామంది వ్యాయామ విద్య చదివినవాళ్ళు. మర్దన, వ్యాయామం, నీటిచికిత్స నేర్పి ఆసుపత్రులకి పంపారు. వీళ్ళకి పెట్టిన పేరు 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్'. వాళ్ళలో మొదటి ఆవిడ మేరీ మెక్‌మిలన్. అమెరికాలో పుట్టి ఇంగ్లండులో పెరిగింది, ఈ విద్య అక్కడే నేర్చుకుంది. వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో పనిచేసింది, ఆరెగన్‌లోని రీడ్ కాలేజీలో కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పింది.

ఈ ఎయిడ్‌లు సైన్యంతోపాటే ఉన్నారు, సముద్రం దాటి ఫ్రాన్స్ దాకా వెళ్ళారు. కానీ లెక్కకి వాళ్ళు పౌరులే. ర్యాంకు లేదు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేదాకా వాళ్ళ వృత్తికి ఆ గౌరవం దక్కలేదు.

యుద్ధం ముగిశాక ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతే కథ అక్కడితో అయిపోయేది. 1921 జనవరి 15న న్యూయార్క్‌లో కీన్స్ చాప్‌హౌస్ అనే హోటల్లో ముప్పైమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. మెక్‌మిలన్ అధ్యక్షురాలు. మరుసటి ఏడే పేరు మార్చి అమెరికన్ ఫిజియోథెరపీ అసోసియేషన్ అన్నారు. అక్కణ్ణుంచి వాళ్ళ పోరాటం ఒక్కటే: మేం మర్దన చేసే పనివాళ్ళం కాదు, చదువుకుని చేస్తున్న వృత్తి ఇది.

ఆ గుర్తింపుకి వాళ్ళు కట్టిన ధర చిన్నదేం కాదు. రోగం ఏమిటో చెప్పడం, ఏ చికిత్స చెయ్యాలో రాయడం వైద్యుడి పని, మేం ఆయన రాసింది చేస్తాం అని తమ నియమావళిలోనే రాసుకున్నారు. 1930ల మధ్యలో వైద్యుల సంస్థ ఒకటి వీళ్ళకోసం రిజిస్ట్రీ పెట్టింది. పరీక్ష పెట్టి పేర్లు నమోదు చేసేది. ఆ రిజిస్ట్రీ వాళ్ళని పిలిచింది 'ఫిజికల్ థెరపీ టెక్నీషియన్లు' అని. 'థెరపిస్టు' అంటే ఎక్కడ సొంతంగా వైద్యం మొదలుపెడతారోనని. ఏ కాలేజీలో చదివితే చెల్లుతుందో నిర్ణయించే పనిని కూడా వైద్యుల సంఘం చేతికే అప్పగించారు.

రాష్ట్రాల చట్టాలు ఈ రిజిస్ట్రీకి పక్కదారిలా వచ్చాయి. పెన్సిల్వేనియా 1913లోనే మొదలుపెట్టింది, న్యూయార్క్ 1926లో. మిగతావి చాలా నెమ్మది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, దాని వెంట పోలియో. 1949లో మా టెక్సస్‌లోనే శాన్ ఏంజెలో ఊరిని పోలియో అతలాకుతలం చేసింది. 1952లో దేశం మొత్తమ్మీద యాభై ఏడు వేలకు పైగా కేసులు. పసిపిల్లల చచ్చుబడ్డ కాళ్ళని గంటలకొద్దీ పట్టుకుని కూర్చున్నది ఈ థెరపిస్టులే. ఆ దశాబ్దంలో ఒక్కో రాష్ట్రమూ చట్టం చేసుకుంటూ వచ్చింది. చివరి వరసలో టెక్సస్, 1971లో. అంటే శాన్ ఏంజెలో పిల్లలకి సేవ చేసిన థెరపిస్టులకి చట్టం రక్షణా లేదు, చట్టం భయమూ లేదు.

లైసెన్సు చేతికొచ్చాక థెరపిస్టులు ఆ పాత ధరని మెల్లగా వెనక్కి అడగడం మొదలుపెట్టారు. డాక్టరు చీటీ లేకుండా రోగిని చూసే వీలు నెబ్రాస్కా 1957లోనే ఇచ్చింది. టెక్సస్ 2019లో ఇచ్చింది, అదీ అర్హతలని బట్టి పది లేదా పదిహేను పనిదినాల వరకే. మధ్యలో అరవైరెండేళ్ళు. ఈలోగా చదువు కూడా పెరిగిపోయింది. సర్టిఫికెట్ కోర్సుగా మొదలైంది డిగ్రీ అయింది, మాస్టర్స్ అయింది, ఇప్పుడు ఈ దేశంలో కొత్తగా చదివేవాళ్ళందరికీ డాక్టరేట్.

ఈ పెరిగిన మెట్ల కిందికి 2009లో నేనొచ్చాను. గుంటూరులో చదువు, విజయవాడలో కొన్నేళ్ళ ఉద్యోగం, పెళ్ళి, గ్రీన్‌కార్డు. నా మార్కుల లిస్టులన్నీ సబ్జెక్టు సబ్జెక్టుగా విప్పి, ఇక్కడి చదువుతో బేరీజు వేశారు. అనాటమీకీ, న్యూరాలజీకీ వంక లేదు. తక్కువైందల్లా మానవీయ శాస్త్రాలు, సాంఘిక శాస్త్రాలు. బీపీటీలో మనకవి ఎక్కడుంటాయి? ఆ లోటు పూడ్చడానికి క్లెప్ అనే పరీక్షలు రాశాను. సోషియాలజీ, అమెరికా ప్రభుత్వ వ్యవస్థ, అమెరికా చరిత్ర. ఫ్రాంక్ డెంట్ నాకు తగిలింది ఆ చదువులోనే, ఊరి లైబ్రరీలో ఒక మధ్యాహ్నం. పట్టా ఉండీ చెల్లని మనిషి. ఆ పూట ఆయన నాకు చుట్టంలా అనిపించాడు.

క్రెడిట్లు పూర్తయి, లైసెన్సు పరీక్షకి కూర్చోబోతుండగా 2010 జులైలో ఆ కబురు వచ్చింది. ఈజిప్ట్, భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో చదివినవాళ్ళకి పరీక్ష ఆపేశారు. ప్రశ్నలు గుర్తుపెట్టుకొచ్చి బయట పంచుతున్నారని, ఈ దేశాల పట్టభద్రుల మధ్య అది ఎక్కువైందని కారణం చెప్పారు. తర్వాత ఆ నాలుగు దేశాలవాళ్ళకి విడిగా ఒక పరీక్ష పెట్టారు. ఆ తర్వాత అందరికీ కలిపి నిర్ణీత తేదీల పద్ధతి వచ్చింది.

ప్రశ్నలు అమ్ముకునేవాళ్ళున్నారు. అది అబద్ధమని నేననను. దొంగతనంగా పాసైనవాడు రోగి మెడ పట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ నేను ఎవరి దగ్గరా ఒక్క ప్రశ్న వినలేదు, ఎవరికీ చెప్పలేదు. డెంట్‌కైనా పరీక్ష రాసే దారి చూపించింది ఆ చట్టం. నాకు ఆ కాసేపూ అదీ లేదు. నన్ను ఆపింది నాకు రానిదేదో కాదు, నేను చదువుకున్న దేశం.

ఆ రెండేళ్ళూ ఒక క్లినిక్‌లో పనిచేశాను. నా ఉద్యోగం పేరు ఎయిడ్. 1918 నాటి మాటే, టెక్సస్ చట్టంలో ఇంకా ఉంది. మంచాలు తుడిచాను, తువ్వాళ్ళు మడతపెట్టాను. ఒకరోజు మోకాలు మార్పిడి చేయించుకున్న పెద్దాయనకి ఐస్ ప్యాక్ వేస్తూ పిక్క చూశాను. వాచి ఉంది, తాకితే వెచ్చగా ఉంది, నొక్కితే ఆయన మొహం ముడిచాడు. రక్తం గడ్డకట్టిందేమో అనిపించింది. పరీక్షించి చెప్పే హక్కు నాకు లేదు. పరిగెత్తి వెళ్ళి థెరపిస్టుని పిలిచాను. ఆవిడ వచ్చి చూసి వెంటనే ఆసుపత్రికి పంపింది. గడ్డే. సాయంత్రం ఆవిడ నా భుజం తట్టి థాంక్స్ చెప్పింది. ఆయన ఫైల్లో మాత్రం ఆవిడ సంతకమే ఉంది, ఉండాల్సిందీ అదే. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆయన బతికినందుకో, నా పేరు లేనందుకో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

ఇక్కడితో ఆపేస్తే ఇది లైసెన్సు మీద ఫిర్యాదు అవుతుంది. 2018లో మా అమ్మ తెనాలిలో బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగితే ఆపరేషన్ చేసి కొత్త బంతి పెట్టారు. ఇంటికొచ్చాక వ్యాయామం చేయించడానికి ఒకబ్బాయిని మాట్లాడారు. నేను వీడియోలో చూస్తున్నాను. వాడు అమ్మ మోకాలు పట్టుకుని గుండెల దాకా వంచుతున్నాడు. వెనకవైపు నుంచి కోసి పెట్టిన తుంటి అది, కొన్ని వారాల పాటు తొంభై డిగ్రీలు దాటించకూడదు, కీలు జారిపోతుంది. ఫోన్లోంచే అరిచాను. ఎక్కడ చదివావు బాబూ అంటే, "ఆసుపత్రిలో చూసి నేర్చుకున్నా మేడమ్, అందరికీ ఇలాగే చేస్తా" అన్నాడు. చెడ్డవాడేం కాదు. అమ్మని ఎంతో ఓపిగ్గా లేపి కూర్చోబెట్టాడు. కానీ వాడు చేసిందానికి జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరిని అడగాలో నాకూ తెలీలేదు.

మన దగ్గర ఫిజియోథెరపీ చదువు బొంబాయిలో 1950ల మొదట్లో పోలియో వెనకాలే మొదలైంది. కొన్ని రాష్ట్రాలు సొంత కౌన్సిళ్ళు పెట్టుకున్నా, దేశమంతటికీ వర్తించే చట్టం 2021లోగానీ రాలేదు. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' అని పెట్టుకోకూడదని ఢిల్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, మర్నాడే వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ 'టెక్నీషియన్' రిజిస్ట్రీ గుర్తొచ్చింది. తొంభై ఏళ్ళ తేడాతో అదే తగువు.

ఇవన్నీ మా కాకినాడ పిల్లకి ఒక్క పూటలో చెప్పలేను. నాకిప్పటికి అర్థమైందల్లా ఇంతే. రోగికి హాని జరక్కుండా చూసే అడ్డుగోడా, ఎవరు లోపలికి రావాలో చూసే అడ్డుగోడా ఒకే ఇటుకలతో కట్టారు. మొదటిది కావాలంటాను, మా అమ్మ తుంటి మీద ఒట్టేసి. రెండోదాన్ని మాత్రం అప్పుడప్పుడూ తట్టి చూడాలి. ఎయిడ్‌లు అనిపించుకుని ఏడ్చిన ఆడవాళ్ళే ఆ గోడని ఎత్తు చేసుకుంటూ వచ్చారు. ఇప్పుడు నేనూ లోపలే ఉన్నాను. నిరుడు ఇలాంటి పిల్లే ఒకతి రోగి నడక గురించి ఏదో చెప్పబోతే, "అది నేను చూసుకుంటాలే" అన్నాను. ఆ మాట ఎవరి గొంతులా వినిపించిందో నాకే తెలుసు.

ఫీజు కట్టి, రెన్యువల్ బటన్ నొక్కాను. ఇంకో రెండేళ్ళు. తర్వాత ఆ అమ్మాయి మార్కుల లిస్టు తెరిపించాను. తనకి తక్కువైందీ మానవీయ శాస్త్రాలే. క్లెప్‌లో ఏవి రాయాలో కాగితం మీద రాసిచ్చాను.

"అమెరికా చరిత్ర ఎందుకక్కా, బోరు కదా?" అంది.

"ముందు అదే రాయి," అన్నాను. "రేపట్నించి రోగుల్ని చూసేటప్పుడు నా పక్కనే నిలబడు. ఏం గమనించావో నాకు చెప్పు."