పంటి నొప్పి దానంతట అదే తగ్గిపోయిందా? సంబరపడకండి.. లోపల జరిగేది ఇదే!

పగలంతా మామూలుగా ఉన్న పన్ను.. రాత్రి పడుకోగానే పోటు మొదలుపెడుతుంది. చేతికందిన లవంగం పెట్టుకోవడమో, మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్ల తెచ్చి వేసుకోవడమో చేస్తుంటారు. కొన్ని రోజులకు నొప్పి పోతుంది. 'హమ్మయ్య.. తగ్గిపోయింది' అనుకుని డాక్టర్ సంగతి మర్చిపోతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నొప్పి పోయినంత మాత్రాన పన్ను బాగైనట్టు కాదు. లోపలి నరం చచ్చిపోయినా నొప్పి ఆగిపోతుంది. ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు కింద నుంచి దవడ ఎముకలోకి పాకుతూనే ఉంటుంది.

పన్ను ఎలా పుచ్చుతుంది?

తీపి, పిండి పదార్థాలు తిన్నాక నోట్లోని బ్యాక్టీరియా యాసిడ్ తయారు చేస్తుంది. ఆ యాసిడ్ పంటి పైపొర ఎనామిల్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. లాలాజలం ఆ నష్టాన్ని సరిచేయడానికి టైమ్ పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. గంటకో చక్కెర టీ తాగేవాళ్ల పళ్లకు తేరుకునే సమయమే దొరకదు.

ఏ దశలో ఏ ట్రీట్‌మెంట్?

* తెల్ల మచ్చ: ఎనామిల్ బలహీనపడుతున్న మొదటి గుర్తు. నొప్పి ఉండదు. ఫ్లోరైడ్ ట్రీట్‌మెంట్‌, సరైన బ్రషింగ్‌తో ఇక్కడే ఆపొచ్చు.
* చల్లనివి, తీపివి తగిలితే జివ్వుమనడం: పుచ్చు రెండో పొరకు చేరి ఉండొచ్చు. పాడైన భాగం తీసేసి ఫిల్లింగ్ చేస్తారు. సాధారణంగా ఒక్క సిట్టింగ్‌లో అయిపోయే పని.
* రాత్రిళ్లు పోటు, వేడి తగిలినా నొప్పి: నరం దాకా వెళ్లిందని అర్థం. పడుకున్నప్పుడు తల వైపు రక్త ప్రవాహం పెరగడంతో పోటు ఎక్కువవుతుంది. ఇక రూట్ కెనాల్ అవసరం పడుతుంది. పాడైన నరం తీసి, లోపల శుభ్రం చేసి మూసేస్తారు. పన్ను విరగకుండా పైన క్యాప్ వేస్తారు.
* చిగురు మీద చీము పొక్కు, దవడ వాపు: ఇన్‌ఫెక్షన్ బయటపడింది. రూట్ కెనాల్‌తో కాపాడలేకపోతే పన్ను తీసేయాల్సిందే.

అంటే ఎంత ఆలస్యం చేస్తే ఖర్చు, బాధ అంత పెరుగుతాయన్నమాట.

ఇంటి చిట్కాలు ఎంతవరకు?

లవంగంలోని యూజినాల్ కాసేపు తిమ్మిరి తెప్పిస్తుంది, అంతే. పుచ్చును మాన్పదు. లవంగం నూనె నేరుగా ఎక్కువగా పోస్తే చిగురు కాలిపోతుంది. ఆస్పిరిన్ బిళ్లను పన్ను పక్కన పెట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. సొంతంగా యాంటీబయాటిక్స్ వాడితే వాపు తగ్గొచ్చు కానీ, కారణం పంట్లోనే ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తుంది. గోరువెచ్చని ఉప్పు నీళ్లతో పుక్కిలించడం మాత్రం డాక్టర్‌ను కలిసేదాకా ఉపశమనం ఇస్తుంది.

బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందా?

చాలామంది రక్తం వస్తోందని అక్కడ బ్రష్ చేయడమే మానేస్తారు. దాంతో గార ఇంకా పేరుకుంటుంది. గట్టిపడిన గార బ్రష్‌తో పోదు, స్కేలింగ్ చేయించాలి. 'క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి' అన్నది అపోహ. గార పోయాక, అప్పటికే వదులైన పళ్లు బయటపడతాయి అంతే. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు ముప్పు ఎక్కువ. చిగుళ్ల ఇన్‌ఫెక్షన్ వల్ల షుగర్ కంట్రోల్ కూడా కష్టమవుతుంది.

పిల్లల విషయంలో పొరపాటు వద్దు

'పాలపళ్లే కదా, ఊడిపోతాయి' అని వదిలేయకూడదు. అవి ముందే పోతే కొత్త పళ్లు వంకరగా రావొచ్చు. ఇంకో విషయం.. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనకాల కొత్త దవడ పళ్లు వస్తాయి. ఏ పన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి, తల్లిదండ్రులు వాటినీ పాలపళ్లే అనుకుంటారు. అవి పుచ్చితే మళ్లీ రావు. పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు కూడా మాన్పించాలి.

రోజూ ఇవి చాలు

* ఫ్లోరైడ్ పేస్ట్‌తో రెండు పూటలా రెండేసి నిమిషాలు బ్రష్ చేయాలి. రాత్రి బ్రష్ అస్సలు మానొద్దు.
* మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్ట్ చాలు.
* బొగ్గు, ఇటుక పొడి, ఉప్పుతో రుద్దొద్దు. ఎనామిల్ అరిగిపోతుంది.
* గుట్కా, ఖైనీ మానేయాలి. నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే వెంటనే చూపించుకోవాలి.

ఆగకూడని సమయం ఇదే

ముఖం వాపుతో పాటు జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది ఉంటే ఉదయం దాకా చూడొద్దు. అర్ధరాత్రైనా సరే, హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లాలి. పంటి ఇన్‌ఫెక్షన్ మెడలోకి పాకితే ప్రాణాల మీదకు వస్తుంది. మామూలు నొప్పి అయితే.. తగ్గినా సరే, ఒక్కసారి డెంటిస్ట్‌కు చూపించుకోండి. ఫిల్లింగ్‌తో పోయేదాన్ని పన్ను పీకించుకునే దాకా తెచ్చుకోవద్దు.