గన్నేరు

గన్నేరు ఏడాది పొడవునా పచ్చగా ఉండే పూల పొద. శాస్త్రనామం నీరియం ఒలియాండర్, సంస్కృతంలో కరవీరం. సాధారణంగా రెండు నుంచి నాలుగు మీటర్లు పెరుగుతుంది. సన్నగా, దళసరిగా ఉండే ఆకులు కణుపుకు మూడేసి వస్తాయి. పూలు తెలుపు, గులాబి, ఎరుపు రంగుల్లో ఉంటాయి; ఒంటి రేకలవీ ఉన్నాయి, ముద్దవీ ఉన్నాయి. గన్నేరు పేరే ఉన్న మరో రెండు మొక్కల్లో పచ్చ గన్నేరు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలది, బిళ్ళ గన్నేరు మడగాస్కర్‌ది. ఇవన్నీ ఒకే కుటుంబానివే, విషపువే అయినా జాతులు వేరు. ఊళ్ళలో భయంగా చెప్పుకునే గన్నేరు పప్పు పచ్చ గన్నేరు కాయలోని గింజే.

మధ్యధరా తీరం నుంచి మన దేశం మీదుగా దక్షిణ చైనా వరకు వాగుల ఒడ్డున ఇది సహజంగా పెరుగుతుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరంలో ఇళ్ళ గోడల మీద గన్నేరు పూల చిత్రాలు బయటపడ్డాయి. సుశ్రుత సంహిత దీన్ని అశ్వమారం, అంటే గుర్రాన్ని చంపేది, అని వేరు విషాల్లో చేర్చింది. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ నేటి శాస్త్రనామం పెట్టాడు. సువాసన గల భారతీయ గన్నేరును 1768లో ఫిలిప్ మిల్లర్ వేరే జాతి అన్నాడు గానీ, ఇప్పుడు రెండింటినీ ఒకటిగానే లెక్కిస్తున్నారు.

1841లో జోసెఫ్ ఆస్టర్‌మన్ అనే వర్తకుడు జమైకా నుంచి దీన్ని టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవికి తెచ్చాడు. 1900 నాటి పెనుతుపాను ఆ ఊరిని ఊడ్చేశాక, ఉప్పుపట్టిన నేలలోనూ బతికే గన్నేరునే వీధి వీధినా నాటారు. 1945లో అణుబాంబు పడిన హిరోషిమాలో తొలిగా పూసిన మొక్కల్లో ఇదొకటి. 1973లో అది ఆ నగర పుష్పమైంది.

ఇంత విస్తరించడానికి అందం ఒక్కటే కారణం కాదు, విషం కూడా చేయి వేసింది. ఒలియాండ్రిన్ వంటి పదార్థాలు వేరు నుంచి పూవు దాకా ఉండి గుండె లయను చెడగొడతాయి. చేదుకు పశువులు పచ్చి ఆకును ముట్టవు. అందుకే జాతీయ రహదారుల మధ్య డివైడర్ల మీద కాపలా అక్కర్లేకుండా పెరుగుతోంది. ఎండిన ఆకులో మాత్రం చేదు తగ్గుతుంది, విషం తగ్గదు. గడ్డిలో కలిస్తే గొడ్లకు ముప్పే. శివపూజకు ఇష్టమైన పువ్వే అయినా, కేరళలో ఆలయాలను నడిపే తిరువాన్కూరు, మలబారు దేవస్వం బోర్డులు 2024 మేలో నైవేద్యంలో, ప్రసాదంలో దీని వాడకాన్ని ఆపాయి.

పెంచడం తేలిక. పెన్సిలంత లావున్న జానెడు కొమ్మను కణుపు కింద కోసి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గానీ సీసా నీళ్ళలో గానీ ఉంచితే కొన్ని వారాల్లో వేళ్ళు వస్తాయి. తొలకరిలో నాటడం మేలు. నీడలో మొక్క బతుకుతుంది గానీ పూయదు. రోజంతా ఎండ తగిలే చోటే దానికి తగినది. ఆకు అడుగున నూగుతో నిండిన గుంటల్లో శ్వాసరంధ్రాలు దాగి ఉండడంతో నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. కుండీలో అయితే నీళ్ళు మరవకూడదు. పూత కొత్త చిగుళ్ళ కొసనే వస్తుంది కాబట్టి, ఒక విడత పూసి ముగియగానే కత్తిరించాలి. లేత కొమ్మలకు పసుపురంగు పేనుబంక పడుతుంది. నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలావరకు రాలిపోతుంది. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి. ఆ కొమ్మల్ని కాల్చరాదు, పొగ కూడా హాని చేస్తుంది.