నర్సమ్మ చేతిలో ట్యాబ్.. వీడియోలో డాక్టర్! అరగొండలో పడిన అడుగు ఎక్కడిదాకా వచ్చిందంటే?

చిత్తూరు: ఊళ్లో నర్సమ్మ అంటే ఒకప్పుడు సూది, థర్మామీటర్, చంకలో రిజిస్టర్. ఇప్పుడు చేతిలో ట్యాబ్, రోగి వేలికి పల్స్ ఆక్సీమీటర్, ఎదురుగా స్క్రీన్ మీద డాక్టర్. మరి దీంతో రోగికి ఒరిగిందేంటి?

అరగొండతో మొదలు

చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలం అరగొండ అపోలో ఆస్పత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి.రెడ్డి సొంతూరు. ఉపగ్రహ లింకుతో అక్కడ టెలిమెడిసిన్ మొదలుపెట్టారు. 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. పల్లె రోగి రిపోర్టులు నగరంలోని స్పెషలిస్టు ముందుకు చేరడం అప్పట్లో పెద్ద వింత.

ఇప్పుడు ఎలా జరుగుతోంది?

2019 నవంబర్‌లో వచ్చిన ఈ-సంజీవనితో అదే పద్ధతి పల్లె క్లినిక్‌లకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివినవారు ఈ క్లినిక్‌లలో పనిచేస్తున్నారు. బీపీ, షుగర్ చూసి, లక్షణాలు రాసుకుని, హబ్‌లోని డాక్టర్‌తో వీడియోలో మాట్లాడిస్తారు. ఏ మందు వాడాలో తేల్చేది మాత్రం డాక్టరే. గర్భిణులు, పిల్లల టీకాల వివరాలను ఏఎన్ఎంలు అన్మోల్ యాప్‌లో ఎక్కిస్తారు. సిగ్నల్ లేకున్నా వివరాలు ఎక్కించొచ్చు, నెట్ దొరికాక అవి సర్వర్‌కు చేరతాయి.

మిషన్ చూడలేనివి

తిరుపతిలోని స్విమ్స్, రుయా లాంటి పెద్దాస్పత్రులకు వెళ్లే రోగులకు మానిటర్లు, ఇన్ఫ్యూజన్ పంపులు కొత్త కాదు. గుండె వేగం మారితే మానిటర్ కూత పెడుతుంది. కానీ రోజంతా ఉత్తుత్తి అలారాలు మోగుతుంటే చెవులు వాటికి అలవాటు పడిపోతాయి. అసలైన అలారం అందులో కలిసిపోవడమే ప్రమాదం.

గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లబడినా ఆక్సీమీటర్ రీడింగ్ తప్పొచ్చు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పంపు సెలైన్‌ను కొలతగా ఎక్కిస్తుంది కానీ, సూది పెట్టిన చోట చెయ్యి వాచిందా అని తడిమి చూడాల్సింది నర్సే. అంకె బాగానే ఉన్నా మనిషి తేడాగా కనిపిస్తే ముందు మనిషినే నమ్మాలి.

ఇవి గుర్తుంచుకోండి

* టెలి వైద్యానికి వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట తీసుకెళ్లండి.
* ఏ మందైనా పడకపోతే ముందే చెప్పండి.
* ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, పాము కాటు ఉంటే వీడియో కాల్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ట్యాబ్‌తో నర్సుకు రాతపని తగ్గితే ఆ సమయం రోగికి దక్కాలి. అదే సమయం స్క్రీన్‌కు పోతే మంచం పక్కన నిలబడే మనిషి కరువవుతారు.