పాత క్రైస్తవ గ్రంథముల వెల

పాత క్రైస్తవ గ్రంథమును తూకమునకు అమ్మువారు అందలి మతమునే చూతురు. తెలిసి కొనువాడు అచ్చయిన ఊరును, సంవత్సరమును చూచును. మన కోవిల్‌పట్టికి ఆగ్నేయముగా సముద్రతీరమున గల పున్నైకాయల్‌లో బోధించిన పోర్చుగీసు గురువు హెన్రిక్ హెన్రికెస్ తమిళించిన ‘తంబిరాన్ వణక్కం’ 1578లో కొల్లమున అచ్చయినది. పదునారు పుటల చిన్న పొత్తము! తెలియవచ్చిన ప్రతి ఒక్కటియే; అదియు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున నున్నది. తీరవాసులకై వెలసిన పుస్తకము తీరమున మిగులలేదు.

మన తెలుగు మాట వేరు కాదు. బెంజమిన్ షుల్జ్ 1746, 1747లలో జర్మనీలోని హాలే నగరమున అచ్చువేయించిన క్రైస్తవ పుస్తకములే తెలుగున తొలి ముద్రితములుగా ఎంచబడుచున్నవి. కావున దైవశాస్త్రమున ఆసక్తి లేని చరిత్రకారుడును వీనినే వెదుకవలసియున్నది. ముఖపత్రము చిరిగిన ప్రతికి వెల తగ్గుట సహజము. అట్టిదానిని గుర్తించుటకు అక్షరముల అచ్చుపోలికయు ఒక ఆధారము.