గగన విహారానికి డాక్టరు సంతకం

ఉద్యోగంలో చేరేనాడు మనమంతా వైద్య పరీక్షకు నిలబడినవాళ్ళమే. అమెరికాలో సరదాకు సొంత విమానం నడిపేవారికి ఆ పరీక్ష ఒక్కసారితో పోదు. నలభై దాటితే రెండేళ్ళకొకసారి. 1926 నాటి ఎయిర్ కామర్స్ చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. మినహాయింపులూ లేకపోలేదు. 1933లో ఒంటరిగా భూమి చుట్టివచ్చిన వైలీ పోస్టుకు ఉన్నది ఒక్కటే కన్ను!

2004లో స్పోర్ట్ పైలట్ నిబంధన వచ్చింది. రెండు సీట్ల తేలిక విమానానికి కారు లైసెన్సు చాలునన్నారు. ఒంట్లో బాగులేదని తెలిస్తే ఎగరరాదు, అంతే. కాని ఒక మెలిక పెట్టారు. చివరిసారి పరీక్షకు దరఖాస్తు చేసి కాదనిపించుకున్నవాడు అనర్హుడు. ఏనాడూ దరఖాస్తే పెట్టనివాడు అర్హుడు! ఫైళ్ళ మధ్య తలనెరిసిన నాకు ఈ తర్కం కొత్తగా తోచలేదు. గుండె సంగతి అనుమానమున్న పెద్దవారు పరీక్షకే వెళ్ళక, పాత సర్టిఫికెట్ గడువు దాటనిచ్చేవారు. డాక్టరును చూడవలసినవారే డాక్టరుకు దూరమయ్యారన్నమాట.

2016లో చట్టం మారి, 2017 మే 1 నుంచి 'బేసిక్‌మెడ్' అమలయింది. 2006 జూలై 14 తర్వాత ఎప్పుడైనా సర్టిఫికెట్ పొంది ఉంటే, నాలుగేళ్ళకొకసారి తమ మామూలు డాక్టరు చేతనే పరీక్ష చేయించుకోవచ్చు. చివరి దరఖాస్తు తిరస్కరణ పొందినవారికి మాత్రం ఇక్కడా తలుపు మూతే. డాక్టరు సంతకం చేసిన కాగితం సర్కారుకు పంపనక్కరలేదు. పైలటే దాచుకుని, అడిగినప్పుడు చూపాలి.